ఎనభై నాలుగు అట్టల హంస

మీ ఇంటి పెళ్ళిలో పెళ్ళికూతురి పట్టుచీర అంచున హంసలకు తలలు తలల చోట, తోకలు తోకల చోట ఉన్నాయా? ఉంటే దేవుడికి ఒక దండం పెట్టుకోండి. ధర్మవరంలో ఒక పెళ్ళికూతురికి ఆ అదృష్టం నా వల్ల కొంచెంలో తప్పిపోయేది. నేను మగ్గం తగలబెట్టలేదు, చీర దొంగిలించలేదు. చదువు చెప్పడానికి వెళ్ళాను, అంతే. ఇంత మైదాపిండి, కాసిని తెల్లకాగితాలు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు ఉంటే చాలు, నిక్షేపంలాంటి సంసారాన్ని రెండు రోజుల్లో ఎలా తలకిందులు చేయవచ్చో చెబుతాను, వినండి. వినేముందు మీ ఇంట్లో అట్టముక్కలేమైనా బయట పడి ఉంటే లోపల పెట్టుకోండి. నేను మారాననే అనుకుంటున్నాను గానీ, మీ జాగ్రత్త మీది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. హిందూపురంలో మాది మూడు తరాల చీరల అంగడి. "అసలైన ధర్మవరం పట్టమ్మా, చేత్తో నేసింది, చూడండి" అని పాలపళ్ళు ఊడని నాటి నుంచీ అంటున్నవాణ్ణి. కానీ చీర ఎలా నేస్తారో ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. పాలు అమ్మేవాడు ఆవు కొమ్ములు లెక్కపెడతాడా ఏమిటి? అంగట్లో కూర్చోవడం నా డిగ్రీకి అవమానమని నా అభిప్రాయం. అందుకని వయోజన విద్యకు వాలంటీర్లు కావాలని తెలియగానే పేరు ఇచ్చేశాను. హిందూపురంలో ఖాళీ లేదు, ధర్మవరంలో ఉందన్నారు. సరేనన్నాను.

మా నాయన చీర మడత పెడుతూ నావైపు చూశాడు. "రేయ్ ప్రసాదూ, ఈడ అంగట్లో సుమ్నే, ఊరికే కూచోడానికి నీకు నడుం నొప్పి. ఆడ ఆడోళ్ళకు అ ఆ లు చెప్పేదానికి దినామూ రైలెక్కి పోతాండావా?"

"అది సేవ నాయనా."

"సేవ సరే. నువ్వు చెప్తే వాళ్ళకు చదువొస్తాదా, ఉండేది పోతాదా అని నా దిగులు."

మా నాయన నోట శని లేదు గానీ, ఆ రోజు మాత్రం ఉన్నట్టుంది.

మొదట పెనుకొండలో మూడు రోజుల శిక్షణ. కొండ కింద ఒక బడిలో మమ్మల్ని పిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చోబెట్టారు. మేడం ఒకావిడ చక్కగా చెప్పింది. "పెద్దవాళ్ళకు అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని మొదలుపెట్టకండి. అమ్మలూ వాళ్ళే, ఆవుల్ని మేపేదీ వాళ్ళే. వాళ్ళ పనిలోంచి మాటలు తీసుకోండి. వాళ్ళ పనిముట్లే మీ పుస్తకాలు." చివరి వాక్యాన్ని నోటుబుక్కులో రాసుకొని మూడుసార్లు గీత గీశాను. బంగారంలాంటి మాట. ఆమె తప్పేమీ లేదు. పిచ్చోడి చేతికి రాయి ఇవ్వకూడదని అందరికీ తెలుసు గానీ, మంచి మాట ఇవ్వకూడదని ఎవరికి తెలుస్తుంది?

ధర్మవరంలో నా క్లాసు ఆదెమ్మక్క ఇంటి అరుగు మీద. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు. ఆ వీధిలో అందరిదీ నేత పనే, ఏ ఇంట్లో చూసినా మగ్గం చప్పుడే. పద్నాలుగు మంది వచ్చేవాళ్ళు. ఆదెమ్మక్కకు నలభై ఏళ్ళుంటాయి. పొద్దున ఆమె మగ్గం ముందు కాళ్ళు పెట్టుకొని నేసే గుంటలో దిగేది, మధ్యాహ్నం భోజనమయ్యాక మొగుడు నారాయణప్ప దిగేవాడు. ఆ ఇంటికి ఆ నెలలో పెద్ద పని వచ్చింది. అన్నేళ్ళూ వాళ్ళ చేత నేయించే షావుకారు సాదా అంచు చీరలే ఇచ్చేవాడు. ఈసారి మొదటిసారి హంసల అంచు పెళ్ళిచీర ఇచ్చాడు. ఆ నెల ఆఖరి గురువారానికి చీర చేతికిస్తే ఇకమీద పెద్ద డిజైన్లు వాళ్ళకే, తప్పితే మళ్ళీ ఎప్పటిలాగే సాదా చీరలని చెప్పాడట. ఆదెమ్మక్క ఆ సంగతి నాకు రోజుకొకసారి చెప్పేది.

"ఇరవై ఏండ్లు గీతలే నేసినాము సార్. ఇప్పుడు హంస నేస్తాండాము."

నేను "చాలా సంతోషం అక్కా, పలక తీసుకో" అనేవాణ్ణి.

నా పాఠాలు సాగని బండిలా ఉండేవి. రెండు నెలలైనా నా విద్యార్థినులు పలక మీద సంతకం వరకు వచ్చి అక్కడే ఆగిపోయారు. అంకెలు నూరు దాకా నేర్పాను, ముప్పై దాటితే తప్పులు. నేను బోర్డు వైపు తిరిగితే వెనక ఆవులింతలు వరసగా వినిపించేవి. పనిముట్లే పుస్తకాలని మేడం చెప్పింది కదా, ఏ పనిముట్టు పట్టుకోవాలో నాకు తెలిస్తే కదా.

ఒక సోమవారం రైలు ఎప్పుడూ లేనిది ముందే చేరింది. నేను పన్నెండుకే అరుగు మీద ఉన్నాను. ఇంట్లో ఎవరూ లేరు. అరుగు మీద ఓ పక్క ఓబులమ్మవ్వ ఒక్కతే పడుకొని ఉంది. ఆమె నా క్లాసులో అందరికన్నా పెద్దది, కళ్ళు సరిగ్గా కనపడవు. గోడ పక్కన ఒక అట్టల దొంతర కనిపించింది. మూరెడు పొడుగు, మూడు వేళ్ళ వెడల్పు, మందపాటి అట్టలు. నిండా బొక్కలు.

ఆ వీధిలో అలాంటి అట్టలు నేను చూడనివి కావు. ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. నాలుగు కలిపి కుట్టి కుండ మీద మూత వేసుకుంటారు, పొయ్యి విసురుకుంటారు, మంచం కోడు కింద పెడతారు. అందువల్ల నా డిగ్రీ బుర్ర వాటిని చెత్త అని నిర్ణయించింది. అయినా పద్ధతి ఉండాలి కదా, అవ్వను అడిగాను.

"అవ్వా, ఈ అట్టలు తీసుకోనా?"

"యా అట్టలు నాయనా?"

"ఈడ గోడ పక్కన ఉన్నాయి చూడు, పాతవి."

"నాకేం కనపడతాది? పాతవంటాండావు కదా, తీసుకో. నాకూ ఒగటి పెట్టు, కుండ మీదికి."

ఇంకేం, అనుమతి దొరికింది. అదే నిమిషంలో నా మెదడులో పెనుకొండ మేడం మాట గంటలా మోగింది. పక్కింట్లో మైదాపిండి అడిగి బంక కాచాను. ఒక్కో అట్టకు రెండువైపులా తెల్లకాగితం అతికించాను. ఒక కొసన నీలం సిరాతో ఏవో అంకెలున్నాయి, వాటి మీద కూడా నున్నగా అతికించాను. నా పనిలో నిర్లక్ష్యం ఉండదు. తర్వాత రంగు రంగుల పెన్నులతో మగ్గం, కండె, జరీ, పట్టు, అంచు అని వాళ్ళ పని మాటలే పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. ఎనభై నాలుగు అట్టలు. వేళ్ళు బంకతో అతుక్కుపోయాయి, ఎండకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది, అయినా ఆపలేదు.

రెండింటికి పదమూడు మంది వచ్చారు. ఆదెమ్మక్క రాలేదు, ఆడబిడ్డ ఇంటికి వెళ్ళిందన్నారు. అట్టలు చూసి లక్ష్మక్క అడిగింది. "యాడివి సార్ ఈ అట్టలు?"

"పాతవి. నేను కొత్తవి చేశాను" అన్నాను మహా ఠీవిగా.

మీరు నమ్మరు, ఆ రోజు క్లాసు పండగే అయింది. పాఠం చదవమంటే ఎప్పుడూ నోరు విప్పని లక్ష్మక్క ఒక అట్ట పట్టుకొని "ప... ట్టు... పట్టు సార్" అని చదివేసింది. తను నేసేదాన్ని తనే చదివానని అందరికీ చూపించింది. ఒకరి తర్వాత ఒకరు చదివారు. ఆవులింత ఒక్కటి లేదు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తలా ఆరు అట్టలు ఇచ్చి ఇంట్లో చదువుకోమన్నాను. డెబ్బై ఎనిమిది అయిపోయాయి. మిగిలిన ఆరూ సంచిలో పెట్టుకొని, ఇంటికి పోయే దారిలో పెనుకొండలో దిగి మేడంకు చూపించాను. ఆమె చాలా సంతోషపడి, ఇవి ఇక్కడే ఉండనీ, బోర్డుకు పెడతానంది. ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చొని, దేశంలో నిరక్షరాస్యత ఇంకెంతకాలం ఉంటుందా అని జాలిపడ్డాను.

మంగళవారం వెళ్ళేసరికి ఆదెమ్మక్క ఇల్లు దొంగలు పడినట్టు ఉంది. పెట్టెలు బయట, చాపలు బయట, నారాయణప్ప అటక మీద.

"ఏమక్కా, ఏం పోయింది?"

"అట్టలు సార్. నిన్న అరుగు మీద పెట్టింటిమి. ఈయప్ప దారం చివికిపోయిందని విప్పినాడు. కొత్త దారం తెచ్చేదానికి బజారుకు పాయ, నేను మా ఆడబిడ్డ ఇంటికి పోతి. పొద్దుగూకినాక వచ్చి చూస్తే లేవు. రాత్రి కూడు కూడా తిన్లేదు సార్ ఇద్దరమూ."

అటక మీదనుంచి నారాయణప్ప అన్నాడు. "లోపల పెట్టు అంటి. పెట్టినావా?"

"విప్పినోడివి నువ్వు. నువ్వు పెట్టకూడదా?"

నా మనసు కరిగిపోయింది. "దొరుకుతాయి లేక్కా. నేనూ వెతుకుతా" అని చొక్కా చేతులు మడిచాను. మీరు నవ్వకండి. మంచం కింద దూరి వెతికాను. బియ్యం డబ్బాలో చూశాను. వెతుకుతూ వెతుకుతూ, ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక చోటుండాలనీ, చదువుకున్న వాళ్ళ ఇళ్ళలో ఇలా జరగదనీ ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. దొంగే ముందు పరిగెత్తి దొంగ దొంగ అని అరవడం విన్నారు గానీ, దొంగే వెతకడానికి కూలికి వచ్చినట్టు ఎక్కడైనా విన్నారా?

అరగంటయ్యాక నాకు ఒక సందేహం వచ్చింది.

"ఇంతకీ అట్టలు ఎట్లుంటాయక్కా?"

"మూరెడు పొడుగు, మూడు వేళ్ళ వెడల్పు. నిండా బొక్కలుంటాయి సార్."

"బొక్కలా" అన్నాను.

"ఊ."

"ఎన్ని అట్టలక్కా?"

"ఎనభై నాలుగు."

నేను మెల్లగా మంచం మీద కూర్చున్నాను. ఎనభై నాలుగు ఎంత మందికి ఎన్నేసి వస్తాయో ఈ ప్రపంచంలో నాకన్నా బాగా తెలిసినవాడు లేడు.

"అవి... పాతవే కదక్కా?"

నారాయణప్ప అటక దిగి వచ్చాడు. "పాతవేందప్పా? చీర సగం మగ్గం మీద ఉండాది, చూడు. ఒగొగ అట్ట ఒగొగ వరస. బొక్క ఉండే కాడ దారం లేస్తాది, లేని కాడ లేయదు. అట్ల వరసగా అన్నీ తిరిగితే హంస పడతాది. ఆ అట్టలు లేకుంటే మగ్గానికేం తెలుస్తాది, హంసో కాకో?"

"కొత్తవి చేయించుకుంటే?"

"అట్టలు కొట్టే ఆయప్ప బిడ్డ కాన్పని కదిరికి పోయినాడు. పదిదినాలకు గానీ రాడు. చీర వచ్చే వారం గురువారానికి ఇయ్యల్ల."

అయినా తెలివితేటలు చూపించాను. "ఒకవేళ అన్నా, ఊరికే అంటున్నా, ఎవరైనా తెలియక వాటి మీద కాగితాలు అతికించి ఉంటే?"

ఆదెమ్మక్క నావైపు తిరిగింది. "ఎవరు సార్?"

"ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరు అతికిస్తే నీ ఏళ్ళకు బంక యాల ఉండాది సార్?"

ఇక దాచడానికి ఏముంది? చెప్పేశాను. ఇద్దరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆదెమ్మక్క గడప మీద కూర్చొని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇరవై ఏండ్లకు ఒగ హంస వచ్చింటే సార్..." అని ఆగిపోయింది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. మగ్గం గుంట దగ్గరలోనే ఉంది గానీ, అందులో సగం నేసిన చీర ఉంది.

తర్వాత మొదలైంది నా పాదయాత్ర. ఇంటింటికీ పోయి "అక్కా, నిన్నటి ఆరు అట్టలు" అని చేయి చాచడం. నిన్న అంత గొప్పగా పంచినవాడు ఇవాళ బిచ్చానికి వచ్చాడు. ఒకామె అట్టలతో పొయ్యి విసురుతోంది. ఒకామె ఊగే మంచానికి ఎత్తు పెట్టింది. ఒక ఇంట్లో మేక ఒక అట్ట కొస నములుతోంది, దాని నోట్లోంచి లాగాను, 'మగ్గం'లో సున్నా మాత్రం మేకకు దక్కింది. ఓబులమ్మవ్వ కుండ మీద మూతలో ఒకటి కలిపేసింది. అడిగితే నవ్వింది. "పాతవంటివి కదప్పా."

కష్టమంతా లక్ష్మక్క దగ్గర వచ్చింది. ఆమె 'పట్టు' అని రాసిన అట్టకు పసుపు కుంకుమ పెట్టి దేవుడి పటం పక్కన నిలబెట్టింది.

"ఇది ఇయ్యను సార్. నేను చదివిన మొదటి మాట."

"అక్కా, అది ఆదెమ్మక్క హంస. దానికి తలో కాలో ఊడిపోతుంది."

ఆమె అట్టను పటం పక్కనుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అయితే కాగితం మీద రాసియ్యి. పెద్దగా రాయల్ల." అక్కడే కూర్చొని తెల్లకాగితం మీద పెద్దగా రాసిచ్చాను. అప్పుడు కుంకుమ తుడిచి అట్ట ఇచ్చింది. డెబ్బై ఎనిమిదీ వచ్చాయి. మిగిలిన ఆరూ పెనుకొండలో బోర్డు మీద ఉన్నాయి. ఫోన్ చేశాను.

"మేడం, ఆ ఆరు అట్టలు వెనక్కి కావాలి."

"బోర్డుకు పెట్టాను కదా ప్రసాద్. రేపు అందరూ చూస్తారు."

"అవి రాకపోతే ఒక హంసకు మెడ ఉండదు మేడం."

"ఏ హంసకు?"

అదంతా ఫోన్లో చెప్పేది కాదని బస్సెక్కి వెళ్ళి చెప్పాను. ఆమె విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకొని, మళ్ళీ పెట్టుకొని అంది. "పనిముట్లే పుస్తకాలన్నాను గానీ, పనిముట్లు పనికిరాకుండా చెయ్యమన్లేదు కదయ్యా." గుండుసూదులు ఒక్కొక్కటే ఆమె పీకుతుంటే నా కాళ్ళలో గుచ్చినట్టుంది.

ఇంతటితో కథ అయిపోయిందని మీరు ఊపిరి పీల్చుకుంటున్నారేమో. నేనూ అలాగే పీల్చుకున్నాను. బుధవారం పొద్దున్నే మొదటి రైలుకు వెళ్ళి, ప్రాయశ్చిత్తంగా కాగితాలు ఊడదీసే పని నాదే అన్నాను. నారాయణప్పకు ఇష్టం లేదు. "తడిగుడ్డతో తుడుస్తే చాలు సార్, మెల్లగ" అన్నాడు. మెల్లగా అయితే సాయంత్రమవుతుందని, అతను అటు పోగానే అన్నిటినీ ఒకేసారి తొట్టిలో నీళ్ళలో వేశాను. నానేలోపు కాఫీ తాగి వద్దామని వెళ్ళాను. వచ్చేసరికి కాగితాలు వాటంతట అవే పైకి తేలాయి. ఎంత తెలివైనవాణ్ణని మురిసిపోయాను. అట్టలు తీసి ఎండలో వరసగా పరిచాను. ధర్మవరం ఎండ కదా, గంటలో ఆరిపోయాయి. వంకర తిరిగినవాటి మీద రోలు పెట్టాను.

నారాయణప్ప వచ్చి ఒక అట్ట తీసి చూశాడు. ఇంకొకటి చూశాడు. పది చూశాడు.

"అంకెలు యాడ సార్?"

"ఏ అంకెలు?"

"కొసన నీలం సిరాతో అంకె ఏసుంటాది కదా. ఒగటి నుంచి ఎనభై నాలుగు దాకా. ఏది ముందో ఏది ఎనకో దాన్ని బట్టే కదా కుట్టేది."

నేను తొట్టి వైపు చూశాను. నీళ్ళు లేత నీలంగా ఉన్నాయి. "అంకెలు ఈడ ఉండాయన్నా" అని నీళ్ళు చూపించాను. నా నోట కూడా వాళ్ళ మాటే వచ్చేసింది, అంత భయపడ్డాను.

నారాయణప్ప తల పట్టుకొని కూలబడ్డాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు పోవడానికి మతి లేదు, అందుకని ఎదుటివాళ్ళ హంస పోయింది. నేను షావుకారు దగ్గరికి పోయి కాళ్ళు పట్టుకుంటానన్నాను. మా అంగట్లోనుంచి ఏదో ఒక చీర తెచ్చి ఇస్తానన్నాను. నా మాట ఎవరూ వినలేదు.

ఆదెమ్మక్క లేచి ముఖం కడుక్కొని వచ్చింది. "అంకెలు పోతే పోనీ. బొక్కలు ఉండాయి కదా" అంది. వీధిలోకి పోయి క్లాసు వాళ్ళందరినీ పిలిచింది. నడవలో చాపలు తీసేసి నేల ఊడ్చారు. మగ్గం మీద నేసినంత వరకు హంసలు కనిపిస్తున్నాయి, అదొక్కటే ఆధారం. ఆదెమ్మక్క ఒక అట్టను వెలుతురుకు పట్టి, మగ్గం వైపు చూసి, నేల మీద పెట్టింది.

"ఇది కాలు."

లక్ష్మక్క ఇంకొకటి తీసింది. "ఇది కడుపు. బొక్కలు దండిగుండాయి చూడు."

"దానికి ముందు ఇది రావల్ల. ఒగ బొక్క తక్కువుండాది."

"ఇది తోక. ఆ పక్కకు పెట్టు."

నేను నోరు తెరుచుకొని చూస్తూ నిలబడ్డాను. నాకు అన్నీ ఒకటే, అట్ట నిండా బొక్కలు. వాళ్ళు మాత్రం వార్తాపత్రిక చదివినట్టు చదువుతున్నారు. నేనూ సాయం చేద్దామని ఒకటి తీసి అటూ ఇటూ చూశాను.

"ఇది మెడ కదక్కా?"

"తలకిందులు పట్టుకున్నావు సార్. కింద పెట్టు."

ఓబులమ్మవ్వ ఒక అట్ట మీద వేలు పోనిచ్చి తడిమింది. "ఇది హంస కాదే. హంసకూ హంసకూ నడుమ గీత. చివరికి పెట్టండి" అంది. కళ్ళు కనపడని అవ్వ వేలితో చదివింది, రెండు కళ్ళూ డిగ్రీ ఉన్న నేను చదవలేకపోయాను. ఆ అరుగు మీద రెండు నెలలుగా నేను చదువు రానివాళ్ళకు చదువు చెబుతున్నానని అనుకుంటున్నాను. ఆ వీధి మొత్తంలో ఆ పూట చదువు రానివాడు ఒక్కడే ఉన్నాడు, వాడు అట్ట తలకిందులుగా పట్టుకున్నాడు.

మూడు గంటలు పట్టింది. వాదించుకున్నారు, తీశారు, మార్చారు. చివరి అట్ట పెట్టి అందరూ లేచి వెనక్కి జరిగారు. అప్పుడు నాకు కూడా కనిపించింది. ఎనభై నాలుగు అట్టలు ఒకదాని పక్కన ఒకటి చేరితే, బొక్కలన్నీ కలిసి నేల మీద హంస. కొంచెం సాగినట్టున్నా ముక్కు, మెడ, తోక అన్నీ ఉన్నాయి. నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఎవరైనా అడిగితే బంక పడిందని చెబుదామనుకున్నాను గానీ, ఎవరూ నావైపు చూడలేదు.

"మళ్ళా అంకెలు ఏయల్ల. లేకుంటే కుట్టేటప్పుడు కలిసిపోతాయి" అన్నాడు నారాయణప్ప.

నేను ఠక్కున జేబులోంచి పెన్ను తీశాను. ఆదెమ్మక్క చేయి అడ్డం పెట్టింది. "నీకు మొక్కుతా సార్, నువ్వు ముట్టుకోవద్దు. ఆ అరుగు మీద చేతులు కట్టుకోని కూచో. మేం రాస్తాం."

చేతులు కట్టుకొని కూర్చున్నాను. ముప్పై దాటితే తడబడే నా విద్యార్థినులు ఒకటి నుంచి రాయడం మొదలుపెట్టారు. నలభై తొమ్మిది దగ్గర ఆగారు. "దీని తర్వాత ఏబై. ఐదు పక్కన సున్నా" అంది లక్ష్మక్క. "ఇరవై తొమ్మిది తర్వాత ముప్పై రాయలేదా, అట్లనే." అరవై తొమ్మిది దగ్గర మళ్ళీ వాదన. నేను చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఒక్క అంకె తప్పితే హంస మెడ పోయి తోకలో పడుతుందని వాళ్ళకు తెలుసు. ఎనభై నాలుగు వరకు ఒక్క తప్పు లేకుండా రాశారు. నా బోర్డు మీద రెండు నెలల్లో రానిది ఆ నేల మీద ఒక్క గంటలో వచ్చింది.

సాయంత్రానికి అట్టలు కుట్టి మగ్గానికి ఎక్కించారు. నారాయణప్ప గుంటలో దిగాడు. పద్నాలుగు మంది ఆడవాళ్ళు, నేను, గుంట చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఒక వరస, రెండు వరసలు, పది వరసలు. హంస మెడ నిక్కి, వంపు తిరిగి, ఎక్కడ ఉండాలో అక్కడే లేచింది. ఆదెమ్మక్క గోడకు ఆనుకొని పెద్దగా ఊపిరి వదిలింది. ఇంత హాయి నా జీవితంలో ఎప్పుడూ కలగలేదు, పరీక్ష పాసైనప్పుడు కూడా. ఆ పై వారం, గడువు గురువారానికి ఒక రోజు ముందే చీర షావుకారుకు చేరింది. ఆయన మడత విప్పి చూసి, ఇంకొక డిజైను అట్టలు తీసి నారాయణప్ప చేతిలో పెట్టాడట. ఈసారి నెమళ్ళు.

ఇంట్లో మా నాయనకు అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన అంగట్లో ఒక పట్టుచీర అంచు విప్పి చాలాసేపు చూశాడు. "ఇన్నేండ్లుగా అమ్ముతాండాం కదరా. ఇట్ల పడతాదని నాకూ తెలీదు" అన్నాడు. ఆ తర్వాత నన్ను అంగట్లో కూర్చోమని అడగలేదు.

చీర షావుకారుకు చేరేదాకా ఆ వీధికి పోలేదు, చేరాక శుక్రవారం క్లాసుకు భయం భయంగా వెళ్ళాను. అందరూ ముందే వచ్చి కూర్చున్నారు. ఆదెమ్మక్క ముందు బొక్కల్లేని కొత్త అట్ట ఒకటి ఉంది. దాని మీద ఆమె వారమంతా కూడబలుక్కొని తన చేతిరాతతో పెద్ద పెద్ద అక్షరాలు రాసింది. "సారు మా అట్టలు ముట్టరాదు." కింద పద్నాలుగు సంతకాలు.

"నువ్వూ పెట్టు సార్. ఇంగ ముట్టనని."

ఇంతే కదా అని పెన్ను తీసి, ఇంగ్లీషులో చేసే నా గొలుసు సంతకానికి చేయి సవరించుకున్నాను. ఆదెమ్మక్క అట్ట వెనక్కి లాక్కుంది. మగ్గం దగ్గర విప్పి పెట్టిన హంస అట్టల్లోంచి ఒకటి పట్టుకొచ్చి నా ముందు పెట్టింది.

"ముందు ఇది చదువు."

చూశాను. తిప్పి చూశాను. పోయిన వారం నాలుగు గంటలు చూసినవే కదా. "తోక" అన్నాను ధైర్యంగా.

పద్నాలుగు మందీ పక్కకు వాలిపోయి నవ్వారు. ఓబులమ్మవ్వకు దగ్గు వచ్చింది.

"కన్ను సార్ అది" అంది ఆదెమ్మక్క. నా పెన్ను మూత పెట్టి నా జేబులోనే పెట్టేసింది. నా సంచి లాగి, అడుగున ఉన్న, మొదట్లో వాళ్ళ హాజరుకు వేలిముద్రలు వేయించిన సిరా డబ్బా తీసి, మూత తెరిచి నా ముందుకు జరిపింది.

"చదువు రానోళ్ళకు సంతకం యాల సార్? ఏలిముద్ర ఎయ్యి."

వేశాను. అందుచేత నా ఎడమ బొటనవేలి సాక్షిగా, పదునాలుగు మంది ఆడపడుచుల ఎదుట చేసిన ప్రమాణం మీకూ వినిపిస్తున్నాను. ఈ జన్మలో బొక్కలున్న అట్ట ఎక్కడ కనిపించినా రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వెనక్కి కట్టుకొని, "అక్కా, దీంట్లో ఏం రాసుంది?" అని అడుగుతాను తప్ప దాని దరిదాపులకు బంక తీసుకుపోను. నా వేలిముద్ర ఉన్న ఆ అట్ట ఇప్పటికీ ఆదెమ్మక్క మగ్గం పక్కన గోడకు ఉంది. ఫొటో తీసుకోవాలని చాలాసార్లు అనుకున్నాను గానీ, దాన్ని కొంచెం ఇటు తిప్పాలన్నా ముట్టుకోవాలి కదా, అందుకని తీసుకోలేదు.